నూట ఎనభై ఆరు పొట్టి మాటలు

మా ఆయన లిఫ్టు మెకానిక్. పై అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన వాళ్లని కిందికి దింపడం ఆయన ఉద్యోగం. కింద హాయిగా ఉన్నవాళ్లని తీసుకెళ్లి ఇరికించడం ఆయన సరదా. వారానికి ఒక రోజు సెలవు, ఆ రోజు ఇంట్లో ఏదో ఒకటి విప్పితే గానీ ఆయనకి పొద్దుపోదు. మిక్సీ అయింది, గోడ గడియారం అయింది, అత్తగారి వినికిడి మిషన్ కూడా అయింది. ఆ తర్వాత ఆవిడ అది పెట్టుకోవడమే మానేసింది. లేకపోతేనే ఇల్లు ప్రశాంతంగా ఉందిట.

ఆ గురువారం నా కంప్యూటర్ వంతు వచ్చింది.

ఈ ఇంట్లో మంచం ఆయనది, టీవీ అత్తగారిది, వంటగది అందరి తరఫునా నాది. కంప్యూటర్ ఒక్కటే నాకోసం నాది. బట్టలుతికే మెషీన్లు చేసే ఒక కంపెనీకి జనం రాసే ఫిర్యాదులకి నేను పడగ్గది మూల కూర్చుని జవాబులు రాస్తాను. రోజుకి నలభై ఉత్తరాలు. సాయంత్రం ఐదు లోపు నలభై జవాబులూ కంపెనీకి చేరాలి. ముప్పై తొమ్మిది చేరితే ఒక్కటీ చేరనట్టే లెక్క. ఏడాదిలో మూడుసార్లు ఆలస్యమైతే పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. అప్పటికే నావి రెండు అయిపోయాయి. ఒకటి కరెంటు పోయిన రోజు, ఇంకొకటి అత్తగారు బాత్రూములో జారిపడిన రోజు. మూడోది జరిగితే తొమ్మిదేళ్ల పని ఆ సాయంత్రంతో సరి.

జవాబుల్లో మనకి తోచిన మాట రాయకూడదు. ప్రతి పేరాకీ సూపర్‌వైజర్ ఆమోదం ఉండాలి. ఆ పేరాలు మొదట్లో రాసింది నేనే, కానీ ఆయన సంతకం పడ్డాక అందులో కామా జరిపే హక్కు నాకూ లేదు. జరిపితే ఉత్తరం వెనక్కి వస్తుంది. అందుకని తొమ్మిదేళ్లుగా ఒక్కో పేరాకీ ఒక పొట్టి మాట కట్టి కంప్యూటర్‌కి నేర్పాను. ‘చిం’ అని కొడితే చాలు, మీకు కలిగిన అసౌకర్యానికి మేము ఎంతగా చింతిస్తున్నామో ఆరు లైన్లలో వచ్చి పడుతుంది. ‘నిపు’ అంటే మా నిపుణుడు ఏడు పని దినాల్లో మీ ఇంటికి వస్తాడు. ‘సాను’ అంటే సానుభూతి, అది తొమ్మిది లైన్లు. మనుషుల్లో అంత సానుభూతి అంత తొందరగా పుట్టడం నేనెక్కడా చూడలేదు. ఇలాంటివి నూట ఎనభై ఆరు. పంపిన ఉత్తరాలు మాత్రం ఏ సాయంత్రానికి ఆ సాయంత్రం చెరిపేయాలి. కస్టమర్ల కష్టాలు మా ఇంట్లో నిలవ ఉండకూడదని కంపెనీ రూలు.

ఇలా ఉండగా, మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ ముసలిదైపోయిందని తెర పైన ఒక పసుపు పట్టీ రావడం మొదలైంది. కొత్త వెర్షన్ ఎక్కించుకోండి, ఎక్కించుకోండి అని ఆర్నెల్లు నస పెట్టింది. మా అత్తగారిని పాతికేళ్లుగా భరిస్తున్నదాన్ని, పట్టీ నాకొక లెక్క కాదు. కానీ శుక్రవారం నుంచి కొత్త వెర్షన్‌లో పంపిన ఫైళ్లే తీసుకుంటామని కంపెనీ కబురు పెట్టింది. గురువారం ఐదు దాటాక తీరిగ్గా చేద్దాంలే అని బుధవారం అన్నం తింటూ మా ఆయన ముందు అన్నాను. నా ఖర్మ కాలి అన్నాను.

గురువారం పొద్దున నేను కూరలకి వెళ్లి వచ్చేసరికి ఆయన నా కుర్చీలో ఉన్నారు. పక్కనే స్క్రూడ్రైవర్. సాఫ్ట్‌వేర్‌కి స్క్రూడ్రైవర్ ఎందుకని అడగలేదు. అడిగితే చెప్తారు.

“సాయంత్రం దాకా ఎందుకు, నేనున్నాగా” అన్నారు. “పాతది పీకేశాను. కొత్తది ఎక్కుతోంది.”

“పీకడం ఎందుకండీ? పాతదాని మీదే కొత్తది ఎక్కుతుందని అందులోనే రాసుంది.”

ఆయన కుర్చీ నావైపు తిప్పారు. ఆయన కుర్చీ తిప్పారంటే పాఠం మొదలైనట్టు.

“లిఫ్టుకి తాళ్లు మార్చేటప్పుడు పాత తాడు ఒక్కటి కూడా ఉంచకూడదు. నాలుగు ఉంటే నాలుగూ మార్చాలి. పాతదీ కొత్తదీ కలిపి వేలాడదీస్తే బరువు సమానంగా పడదు. ఒకటి సాగుతుంది, ఒకటి తెగుతుంది. ముప్పై ఏళ్లలో నా చేతి కింద ఒక్క తాడు తెగలేదు. తెలుసా?”

తెలుసు. పెళ్లయిన వారం నుంచీ తెలుసు.

“అందుకని నున్నగా తుడిచేశాను. తీసేసేటప్పుడు అదే అడిగింది, మీ సొంత సెట్టింగులు ఉంచాలా తీసేయాలా అని. పాత సామాను మనకెందుకు? తీసేయ్ అన్నాను. ఇంకోసారి అడిగింది, నిజంగానా అని. నిజంగానే అన్నాను.”

అది రెండుసార్లు అడిగింది. పెళ్లిచూపుల్లో నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

కొత్తది ఎక్కేసరికి పదిన్నర అయింది. మధ్యలో మూడుసార్లు ఆగింది, ఆగిన ప్రతిసారీ ఆయన మొత్తం ఆపేసి మళ్లీ మొదలెట్టారు. లిఫ్టుకైనా కంప్యూటర్‌కైనా పెళ్లానికైనా ఆయన దగ్గరున్నది ఆ ఒక్క వైద్యమే. చివరికి తెర మీద తెల్లటి కాగితం తెరుచుకుంది. మీటలన్నీ చోట్లు మారాయి. నేను రోజుకి నలభైసార్లు నొక్కేది ఎక్కడో లోపలి అరలోకి పోయింది, పుట్టి బుద్ధెరిగి ఎవరికీ అక్కర్లేనివన్నీ ముందుకొచ్చి కూర్చున్నాయి. ఆయన చేతులు దులుపుకుని “చూశావా, కొత్త పెళ్లికూతురిలా ఉంది” అన్నారు.

నేను కూర్చుని ‘చిం’ అని కొట్టాను. చిం అనే వచ్చింది. మళ్లీ కొట్టాను. కంపెనీకి నా తరఫున ఒక్క చింత కూడా మిగల్లేదు. ‘నిపు’ కొట్టాను, నిపుణుడు రాలేదు. ‘సాను’ కొట్టాను, సానుభూతీ రాలేదు. నూట ఎనభై ఆరూ పోయాయి.

విషయం చెప్తే ఆయన కాసేపు గడ్డం గోక్కుని, “మరి నువ్వు కాపీ తీసిపెట్టుకోలేదా?” అన్నారు.

తప్పు నాదని తేలింది కదా, ఇంక ఇల్లు చల్లబడింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఆ ఇంకొకణ్ణి నేను చేసుకున్నాను.

సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. ఆమోదించిన పేరాలన్నీ ఒక ఫైలుగా పంపమని అడిగాను.

“తప్పకుండా పంపుతానమ్మా. దానికో ఫారం ఉంది, నింపి పెట్టండి. మూడు రోజుల్లో వస్తుంది.”

“నాకు ఐదింటిలోపు కావాలండీ.”

“అర్థమైందమ్మా. ఫారంలో అత్యవసరం అని ఒక గడి ఉంటుంది, అక్కడ టిక్ పెట్టండి.”

“పెడితే?”

“అత్యవసరమైనవి కూడా మూడు రోజులేనమ్మా. టిక్ ఉంటే మాకు తెలుస్తుంది, అంతే.”

ఇక జ్ఞాపకం మీదే రాయడం మొదలెట్టాను. తొమ్మిదేళ్లు రోజూ పంపిన పేరాలు కదా, నిద్రలో లేపి అడిగినా చెప్తాననుకున్నాను. ఒక్కటి సరిగ్గా గుర్తుకు రాలేదు. నేను వాటిని రాసి తొమ్మిదేళ్లయింది, ఆ తర్వాత ఒక్కసారి కూడా చదవలేదు. రెండో లైనులో ‘హృదయపూర్వకంగా’ ఉందో ‘మనస్ఫూర్తిగా’ ఉందో తేలక పావుగంట కూర్చున్నాను. రెండూ ఉండవని మాత్రం తెలుసు, కంపెనీ అంత దుబారా చేయదు. రెండింటికల్లా ఆరు ఉత్తరాలు పంపితే రెండు వెనక్కి వచ్చాయి. ఒకదాంట్లో కామా ఎక్కువైందిట.

మా ఆయన రెండుసార్లు కాఫీ తెచ్చిచ్చారు. పెళ్లయ్యాక ఆయన కాఫీ కలపడం అదే మొదలు. ఎంత పెద్ద ప్రమాదం జరిగిందో ఆ కాఫీని బట్టి తెలుసుకోవాలి. అత్తగారు గుమ్మంలోకి వచ్చి నా మొహం చూసి, ఆయన మొహం చూసి, “చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం రా” అని కొడుకుతో అని టీవీ ముందుకి వెళ్లిపోయింది. మిషన్ లేకుండానే ఆవిడకి అన్నీ వినపడతాయని నా అనుమానం.

రెండున్నరకి సాఫ్ట్‌వేర్ వాళ్ల సహాయకేంద్రానికి రాశాను. తెర మూల ఒక చిన్న గడి ఉంది, అందులో మనం టైపు చేస్తే వాళ్లు టైపు చేస్తారు. నా గోడంతా రాశాను. నాలుగు సెకన్లలో జవాబు వచ్చింది.

‘మీకు కలిగిన అసౌకర్యానికి మేము ఎంతగానో చింతిస్తున్నాము. మీ సమస్య మాకు ముఖ్యమైనది.’

చదవగానే ఒళ్లు మండింది. మరుక్షణం నవ్వొచ్చింది. దొంగకి దొంగ దొరికినట్టయింది. ఆ మాటల్లో నా పనితనం నాకు తెలియదా? నేను మళ్లీ రాశాను, సెట్టింగులు తిరిగి వస్తాయా రావా, అదొక్కటి చెప్పండి అని. ‘మీ ఓర్పుకి ధన్యవాదాలు’ అని వచ్చింది. నాకు ఓర్పు ఉందని వాళ్లకి ఎవరు చెప్పారో. మూడోసారి రాస్తే, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే వెనక మూత ఎలా తీయాలో పెద్ద పేరా వచ్చింది. వెంటనే దాని కింద, ‘క్షమించండి, అది వేరేవారికి’ అని వచ్చింది.

అక్కడ దొరికారు. మిషనైతే తడబడదు, తడబడ్డా సిగ్గుపడదు. అవతల మనిషి ఉంది. ఒకేసారి ఐదారుగురితో మాట్లాడుతూ, ఒకరికి కొట్టాల్సిన పొట్టి మాట ఇంకొకరికి కొట్టేసిన మనిషి. నేను అలా ఎన్నిసార్లు చేశానో నాకు తెలుసు. ఒకసారి నీళ్లు కారుతున్నాయని రాసినావిడకి పెళ్లిరోజు శుభాకాంక్షలు పంపాను.

ఇలాంటివాళ్లకి ఏం రాస్తే పొట్టి మాట పనికిరాదో నాకన్నా ఎవరికి తెలుస్తుంది? ఇలా రాశాను: ‘అమ్మా, నేను కూడా ఇదే పని చేస్తాను. నాకు నూట ఎనభై ఆరు ఉండేవి. మీకెన్ని ఉన్నాయి?’

మూడు చుక్కలు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి.

‘రెండు వందల పన్నెండు.’

తర్వాత తనే రాసింది. ‘మీవి పోయాయా?’

‘మా ఆయన తుడిచేశారు. ఐదింటికి నలభై ఉత్తరాలు పంపాలి. పంపకపోతే నా పని పోతుంది.’

మళ్లీ చుక్కలు. ఈసారి వచ్చింది పేరా కాదు. అచ్చుతప్పులతో, అడ్డదిడ్డంగా, ఊపిరి తీసుకోకుండా టైపు చేసిన ముక్కలు. తీసేసేటప్పుడు మన సొంత సెట్టింగులు నిజంగా పోవట, నెల రోజులు ఒక దాచిన ఫోల్డర్‌లో పడి ఉంటాయట. అది ఎక్కడ ఉంటుందో, కనపడాలంటే ఏం నొక్కాలో, దాన్ని తెచ్చి ఎక్కడ పడేయాలో ఒక్కో మెట్టూ చెప్పింది. చివర్లో, ‘ఇది మేం చెప్పకూడదు. ఏదైనా చెడితే మా మీదకి వస్తుందని ఆమోదం లేదు. ఎవరితోనూ అనకండి. మీ ఆయన్ని కాస్త దూరంగా ఉంచండి’ అని రాసి గడి మూసేసింది. థాంక్స్ చెప్పే వ్యవధి కూడా ఇవ్వలేదు.

నేను ఆయన్ని దూరంగా ఉంచాను. ఆమోదం లేకపోయినా ఒకమ్మాయి దారి చెప్పిందని ఆయనకొక్కడికే చెప్పి, వంటగదిలో కూర్చోబెట్టి చిక్కుడుకాయలు వలవమన్నాను. ఆ అమ్మాయి చెప్పిందంతా చేసి, ‘చిం’ అని కొట్టాను. చింత ఆరు లైన్లూ చక్కగా వచ్చి పడింది. ఏడుపొచ్చింది. కంపెనీ చింతిస్తోందని తెలిసి ఆనందంతో ఏడ్చింది లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అప్పటికి మూడు గంటల ఇరవై నిమిషాలు. తర్వాత నాకు ఒళ్లు తెలియలేదు. తలుపు బిగుసుకుందా, చిం నిపు. మోతొస్తోందా, చిం ఓపి నిపు. చొక్కా చిరిగిందా, చిం బాధ్యత మాది కాదు. ఐదింటికి పన్నెండు నిమిషాలుండగా ముప్పై ఏడో ఉత్తరం తెరిచాను. కంపెనీ స్కాన్ చేసి పంపిన చేతిరాత. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన రాసింది.

మామూలుగా నేను ఉత్తరం మొత్తం చదవను. ‘తలుపు’ అన్న మాట కనపడితే చాలు. ఆ రోజు మాత్రం చదివాను.

‘పోయిన నెల పదకొండో తారీఖున మా ఆవిడ మీ మెషీన్‌లో బట్టలు వేసింది. అవి తిరుగుతుండగానే ఆవిడకి ఒంట్లో బాగోలేక ఆసుపత్రికి తీసుకెళ్లాం. తిరిగి నేనొక్కణ్ణే వచ్చాను. అప్పటి నుంచీ తలుపు తెరుచుకోవడం లేదు. లోపల ఉన్నవి ఆవిడ తన చేత్తో వేసిన బట్టలు. ఎవరినో పిలిచి పగలగొట్టించడం నాకు ఇష్టం లేదు, నా చేత్తో తీయాలని ఉంది. ఎలా తీయాలో రాస్తే చాలు, నేను తీసుకుంటాను.’

ఎలా తీయాలో నాకు తెలుసు. ముందువైపు కింద మూలన చిన్న మూత ఉంటుంది. దాని వెనక నారింజ రంగు తాడు. కిందికి లాగితే తలుపు వచ్చేస్తుంది. రెండు లైన్లు. ఆ రెండు లైన్లకి ఆమోదం లేదు. కస్టమరు తాళ్లు లాగి ఏదైనా విరగ్గొడితే కంపెనీ మీదకి వస్తుందని సూపర్‌వైజర్ ఎప్పుడో కొట్టేశాడు. రాస్తే ఉత్తరం వెనక్కి వస్తుంది. వెనక్కి వస్తే ముప్పై తొమ్మిదే.

మా ఆయన చిక్కుడుకాయల పళ్లెంతో నా వెనక ఎప్పుడొచ్చి నిలబడ్డారో తెలీదు. మొత్తం చదివారు.

“తాడు ఉంటుంది కదా. ఆ మాట రాసేయరాదూ” అన్నారు.

“ఆమోదం లేదండీ.”

“ఇందాకటి అమ్మాయికి ఉందా?”

పాతికేళ్లలో ఆ మనిషి నోటినుంచి ఒక్క సరైన మాట వస్తే, అది ఆ నిమిషంలోనే రావాలా?

“పొద్దున మీరు తుడిచిపెట్టింది చాలు. ఇప్పుడు ధర్మపన్నాలు చెప్పకండి. టైము తొమ్మిది నిమిషాలుంది” అన్నాను. గొంతు నేననుకున్నదానికన్నా పైకి లేచింది. ఆయన పళ్లెంతో వంటగదిలోకి వెళ్లిపోయారు.

‘సాను’ కొట్టాను. ‘నిపు’ కొట్టాను. సిగ్గేసింది. అయినా కొట్టాను. ఐదింటికి మూడు నిమిషాలుండగా నలభయ్యోది వెళ్లింది. చెరిపేసే ముందు మాస్టారి అడ్రసు మాత్రం ఒక చీటీ మీద రాసుకున్నాను. రేపు నా సొంతంగా ఒక కార్డు ముక్క రాసి పోస్టులో వేద్దాం, దానికి ఎవడి ఆమోదమూ అక్కర్లేదు కదా అనుకున్నాను.

ఆ మర్నాడు నలభై ఉత్తరాలు వచ్చాయి. ఆ మర్నాడూ వచ్చాయి. మా ఆయన రెండుసార్లు “మాస్టారికి రాశావా?” అని అడిగారు. రాస్తానన్నాను.

ఇరవై రోజుల తర్వాత, ఇవాళ, మాస్టారి దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. అవే ముత్యాల్లాంటి అక్షరాలు. మా నిపుణుడు వెళ్లాడట. మాస్టారు పక్కగదిలోంచి కళ్లజోడు తెచ్చుకునేలోపు ఉలితో తలుపు కొక్కెం విరగ్గొట్టాడట. బట్టలన్నీ బూజుపట్టి ఉన్నాయట, ఒక సంచిలో కుక్కి పారేయమని ఇచ్చి సంతకం తీసుకున్నాడట. ఇదంతా మాస్టారు ఫిర్యాదుగా రాయలేదు. జరిగింది జరిగినట్టు రాసి, కింద ఇలా రాశారు:

‘అంత పెద్ద కంపెనీలో, అన్ని పనుల మధ్య, నా కష్టం గురించి తొమ్మిది లైన్లు ఓపిగ్గా కూర్చుని రాసినవారెవరో నాకు తెలియదు. ఇంటికొచ్చి పలకరించినవాళ్లు కూడా అన్ని మాటలు మాట్లాడలేదు. మీ ఉత్తరం దాచుకున్నాను. మీరు చల్లగా ఉండాలి.’

దానికి నేనింకా జవాబు రాయలేదు. ‘కృత’ అని కొడితే ఒక పేరా వస్తుంది, అది కొట్టి రెండుసార్లు చెరిపేశాను. మా ఆయన వచ్చి నా భుజం మీదుగా ఉత్తరం చదివి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. టైము నాలుగున్నరయింది.